టెక్కలి గేటు దగ్గర అన్న మాట

మా ఆయన పేరు ఢిల్లీరావు. ఆయన ఢిల్లీని చూసింది లేదు, ఢిల్లీ ఆయన్ని చూసింది లేదు. ఉత్తరానికి బరంపురం, దక్షిణానికి విశాఖపట్నం, అంతే ఆయన దేశం. అయినా కాశీబుగ్గ హైవే మీద తిరిగే లారీ డ్రైవర్లందరికీ ఆ పేరు ఒక్కసారికే నోట్లో పడిపోయేది. పెట్టిన మా అత్త పుణ్యమా అని, మరిచిపోదామన్నా మరుపుకు రాని పేరు. ఏ అప్పన్నో, రామారావో అయి ఉంటే ఆ ఉత్తరం మా గుమ్మం దాకా వచ్చేది కాదు. వచ్చి మంచి చేసిందా చెడు చేసిందా అంటే ఇప్పటికీ నాకు తెలియదు.

నా పేరు దేముడమ్మ. మాది సంతబొమ్మాళి దగ్గర మూలపేట. మా నాన్న పోలారావుది సముద్రం మీద వేట. నన్ను మేనబావకే ఇచ్చి చేశారు. మా బావకు పడవ ఎక్కితే కడుపులో తిప్పేది. బెస్తవాళ్ళింట పుట్టి నీటికి భయపడితే ఊళ్ళో ఎవరు ఊరుకుంటారు? ఆ వెక్కిరింతలు పడలేక టెక్కలిలో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, పలాస వచ్చి హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. జీపులు, ట్రెక్కర్లు, కొబ్బరి లోడు దించి వచ్చే చిన్న లారీలు మా షెడ్డుకు వచ్చేవి. నేను జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనికి వెళ్ళేదాన్ని.

పిక్కలు కొట్టడమంటే తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. జీడిపిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. అది చేతికి తగిలిందా, చర్మం మండి, పొక్కి, పొరలుగా ఊడిపోతుంది. అందుకే మేం చేతులకు ఆముదం పట్టించి బూడిదలో ముంచుకుని పనికి కూర్చుంటాం. ఆ నూనెకు ఒక గుణముంది. వేడి తగిలేకొద్దీ, రోజులు గడిచేకొద్దీ చిక్కబడి, జిగురై, చివరికి రాయిలా బిగుస్తుంది. మా సముద్రం వాళ్ళకు కావలసింది అదే. పడవ అడుగుకు రెండు పూతలు పూసి ఎండబెడితే ఇక ఉప్పునీరు దిగదు, పురుగు తొలచదు. ఏడాదికోసారి మా నాన్నకు ఒక డబ్బాడు నూనె నేనే ఫ్యాక్టరీ నుంచి తెచ్చి ఇచ్చేదాన్ని.

రెండువేల సంవత్సరం, శివరాత్రి వెళ్ళిన వారం. ఆ డబ్బా తెచ్చి షెడ్డులో బల్ల కింద పెట్టాను. అది బావ పారేసిన గేరాయిల్ డబ్బాయే. దాని పక్కనే అదే రంగుది, అదే సైజుది, సగం వాడిన అసలు గేరాయిల్ డబ్బా ఉంది. నేను మరీ అంత తెలివితక్కువదాన్ని కాదు. మా నాన్నదేదో తెలియాలని దాని పిడికి ఎర్రగుడ్డ పీలిక ఒకటి కట్టాను.

శుక్రవారం పొద్దున్న ఏడు గంటలకు ఆ కారు వచ్చింది. ఎర్రది, ఇద్దరే కూర్చునేది. ఎవరో అట్లకాడతో నేలకేసి అణిచినట్టు ఉంది. అలాంటి కారు పలాసలో అంతకుముందు ఎవరూ చూడలేదు. టీకొట్టు దగ్గర జనమంతా గ్లాసులతో సహా మా షెడ్డుకు వచ్చేశారు. దానిలోంచి దిగిన కుర్రవాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. పేరు ఆనంద్ అన్నాడు. భువనేశ్వర్ నుంచి వస్తున్నాడు. ఆదివారం చెన్నైలో కార్ల పందెం ఉందట, అందులో ఇతనూ తోలతాడట. తెలుగు ఒక్క ముక్క రాదు. మా బావకు లారీల వాళ్ళ దగ్గర పట్టుబడిన వచ్చీరాని ఒరియా ఉంది. దానితోనే మాట్లాడుకున్నారు.

సంగతేమిటంటే, కారు వెనక భాగంలో రెండు చక్రాల మధ్య ఒక ఇనప బుర్ర ఉంటుంది. డిఫరెన్షియల్ అంటారు. ఇంజను తిప్పే తిప్పుడు దాని లోపలి పళ్ళచక్రాల గుండానే రెండు చక్రాలకూ పోతుంది. ఆ పళ్ళు నూనెలో మునిగి తిరగాలి. అతని కారుకు ఆ నూనె ఇచ్ఛాపురం దగ్గర నుంచీ కారుతోంది. సీలు పోయింది. పందెం ముందు నూనె ఎలాగూ మార్చాలనుకున్నాడట, ఇక్కడే కొత్త సీలు వేసి కొత్త నూనె పోసేయమన్నాడు.

మా బావ జాకీ తెచ్చి కారు కింద పెట్టబోతే దూరలేదు. జనం ఒకటే నవ్వు. అప్పుడు పాత రైలు స్లీపరు చెక్కలు రెండు వరసలుగా పేర్చి, కారును వాటి మీదికి మెల్లగా ఎక్కించాడు. గోనెసంచి పరుచుకుని కిందికి దూరాడు. మా బావ పని విషయంలో చాదస్తపు మనిషి. ఆ బుర్రకు రెండు మూతలుంటాయి. నూనె పోసేది పైన, తీసేది కింద. పై మూత వదులవుతుందో లేదో చూడకుండా కింది మూత తీసి నూనె కార్చేశామా, తర్వాత పైది రాకపోతే బండి కాళ్ళు విరిగినట్టే. పైది తిప్పి చూసుకోకుండా కిందిది ముట్టుకున్నవాడు మెకానిక్ కాదు, దొంగ అనేవాడు మా బావ. ఆ రోజూ పైదే ముందు తిప్పాడు. ఎక్కడా తొందరపడలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పని తెలియని వాడి చేతిలో జరిగిన అన్యాయం కాదిది. అదే నా ఏడుపు.

ఆ కుర్రవాడు గోనెసంచి మీద మా బావ పక్కనే పడుకుని అంతా చూశాడు. తెల్లచొక్కా నల్లగా అయినా లెక్కచేయలేదు. నేను టీ ఇస్తే రెండు చేతులతో అందుకున్నాడు. తొమ్మిదయింది, నాకు ఫ్యాక్టరీకి వేళయింది. వెళ్తూ వెళ్తూ కారు కిందకి వంగి, ఎర్రగుడ్డ కట్టిన డబ్బా మా అయ్యది, దాన్ని ముట్టుకోవద్దని బావకు చెప్పాను. ఊఁ అన్నాడు. బండి కింద పడుకున్న మెకానిక్‌కు ఏం చెప్పినా ఊఁ అంటాడు. పదేళ్ళు కాపురం చేసి ఆ మాత్రం తెలుసుకోనిదాన్ని నేనే.

మా నాన్న వస్తాడని ఆ రోజు ఒంటిపూట సెలవు పెట్టాను. పన్నెండున్నరకు షెడ్డుకు వచ్చేసరికి కారు లేదు. బావ ముఖం వెలిగిపోతోంది. సీలు ఎలా దొరికిందో, కొలత ఎలా సరిపోయిందో, కుర్రవాడు తనను పక్కన కూర్చోబెట్టుకుని మందస రోడ్డు దాకా ఎంత జోరుగా తోలాడో చెప్పుకుపోతున్నాడు. మూత దగ్గర పొంగి చుక్క కారేదాకా పోశాడట, అంచు దాకా ఉండాలని కుర్రవాడు మరీ మరీ అడిగాడట. వెళ్ళేటప్పుడు ఒరియాలో పోతున్నానన్నాడట. మా వైపు పోతున్నానని అనకూడదు, ఎల్లొత్తాను అనాలని బావ నేర్పించాడు. ఆ అబ్బాయి ఆ మాటను నాలుగుసార్లు పలికి చూసుకుని, బావ నల్లటి చేతిని పట్టుకుని ఊపి, ఎల్లొత్తాను అంటూ బయల్దేరాడు. అరగంట కూడా కాలేదట. టెక్కలిలో భోంచేసి పోతానన్నాడట.

అప్పుడే మా నాన్న బస్సు దిగి వచ్చాడు. షెడ్డులో అడుగు పెడుతూనే ముక్కు ఎగబీల్చి, "ఇక్కడ జీడి వాసనేటి?" అన్నాడు.

మేం నవ్వాం. పలాసలో జీడి వాసన ఏమిటంటే సముద్రంలో ఉప్పేమిటన్నట్టు. పొద్దున్న లేస్తే ఫ్యాక్టరీల పొగ. మా ఒంట్లో, బట్టల్లో, కూటిలో అదే వాసన. మా ముక్కులు ఏనాడో దాన్ని పట్టడం మానేశాయి. మా నాన్న ముక్కు మాత్రం ఉప్పుగాలిది. ఆయన నవ్వలేదు. కారు నిలిచిన చోట స్లీపరు చెక్కల మధ్య నేల మీద పడ్డ నల్లటి మరకను కాలి బొటనవేలితో తాకి చూశాడు. అప్పటికే అది తీగలు సాగుతోంది.

"అమ్మీ, ఇది మన పడవ నూనే. ఎవులు ఒలకబోసినారు?"

నేను బల్ల కిందకి చూశాను. డబ్బాలు రెండూ ఉన్నాయి. దేనికీ ఎర్రగుడ్డ లేదు. గుడ్డ బావ భుజం మీద ఉంది. చేతులు తుడిచి తుడిచి నల్లబడింది. గుడ్డ కంటబడితే చెయ్యి తుడుచుకోవడం మెకానిక్‌ల జాతిగుణం. అది దేనికి కట్టి ఉందో చూసే కన్ను వాళ్ళకు ఉండదు. నేను రెండు డబ్బాలూ ఎత్తి చూశాను. నిండుగా తెచ్చింది కూడా తేలిగ్గానే వచ్చింది.

బావ అప్పటిదాకా కుడిచేతి వేళ్ళను పంట్లాముకు రాసుకుంటున్నాడు. ఉదయం నుంచి ఏదో చురచురమంటోందని అన్నాడు. నేను ఆ చెయ్యి లాగి వెలుతురులో పెట్టి చూశాను. వేళ్ళ సందుల్లో ఎర్రగా దద్దుర్లు లేచి, నీటిపొక్కులు మొదలయ్యాయి. ఆ పొక్కులు నాకు నా పేరంత బాగా తెలుసు. పదేళ్ళుగా అవి నా చేతుల మీదే కాస్తున్నాయి. బావ మాత్రం ఏనాడూ జీడి ముట్టినవాడు కాదు.

బావ నా ముఖం చూశాడు, డబ్బా చూశాడు. మా నాన్న మెల్లగా అడిగాడు.

"ఆ నూనె వేడెక్కితే ఏటవుద్దో నీకు తెల్దా అల్లుడా?"

వేడెక్కితే బిగుస్తుంది. ఆ కారు ఎంత జోరుగా పోతే ఆ బుర్ర అంత వేడెక్కుతుంది. లోపల పళ్ళు నూనెలో తిరుగుతున్నాయనుకుంటాయి, జిగురులో తిరుగుతుంటాయి. ఎక్కడో ఒకచోట, వంద మైళ్ళకో రెండు వందల మైళ్ళకో, వెనక చక్రాలు రెండూ ఒక్కసారి పట్టేస్తాయి. మెల్లగా పోతుంటే బండి ఆగుతుంది. ఆ కుర్రవాడు మెల్లగా పోయే రకం కాదు. నా కొడుకయితే ఎలా ఉంటుందని అనుకోలేదు, అంత దూరం ఆలోచన పోలేదు. రెండు చేతులతో టీగ్లాసు పట్టుకున్న ఆ అబ్బాయి ముఖమే కనిపించింది.

బావ మోటారుసైకిలు తీశాడు. నేను వెనక ఎక్కాను. చెన్నైలో పందెం తోలేవాణ్ణి, ముక్కుతూ మూలుగుతూ నడిచే మా పాత బండి వెంటబడింది. వినేవాళ్ళకు నవ్వొస్తుంది. మాకూ తెలుసు అందలేమని. మాకున్న ఆశల్లా ఆ టెక్కలి భోజనమే. అన్నం పెట్టించుకుంటాడు, మజ్జిగ అడుగుతాడు, ఎండకు కాసేపు నీడన నిలబడతాడు, ఇలా ఒక్కొక్కటే లెక్క వేసుకుంటూ పోయాను. దారిలో ఎర్రగా ఏం కనబడినా గుండె లేచేది. దగ్గరికి వస్తే ఎవరిదో చీర, ఏదో ట్రాక్టరు.

టెక్కలిలో గేటు పడి ఉంది. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలు హైవేను అక్కడ దాటుతుంది. ఆ రైలును మా వైపు ఎవరూ రైలు కింద కట్టరు. ఆకలేస్తే దిగి, జామకాయలు కోసుకుని, మళ్ళీ పరుగెత్తి ఎక్కొచ్చని అంటారు. అలాంటి రైలు. దాని కోసం లారీలు బారులు తీరి నిలిచిపోయాయి. బండి అక్కడే పడేసి లారీల సందుల్లోంచి ఇద్దరం పరుగు తీశాం.

గేటు దగ్గరకు వచ్చేసరికి కనిపించాడు. పట్టాలకు అవతల, కొబ్బరిబొండాల బండి దగ్గర, ఎర్రకారును ఆనుకుని నిలబడి బొండం తాగుతున్నాడు. మా బావ గట్టిగా ఏడ్చినట్టు నవ్వాడు. దేవుడున్నాడని అన్నాడు. గేటు కర్ర కింద నుంచి దూరబోతే గేటుమనిషి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. రైలు అప్పటికే ఇరవై గజాల్లో ఉంది, కూత కూస్తోంది. బావ గింజుకున్నాడు. ఇద్దరం చేతులు పైకెత్తి ఊపుతూ అరిచాం.

"ఆగు! ఆగు!"

ఎన్నిసార్లు అరిచామో తెలియదు. లారీల ఇంజన్లు, రైలు కూత. బావకు వచ్చిన ఒరియా అంతా ఆ కంగారులో ఎక్కడికి పోయిందో, ఒక్క ముక్క నోటికి రాలేదు. పుట్టినప్పుడు నేర్చిన మాటే వచ్చింది. ఆ అబ్బాయి తల తిప్పి మమ్మల్ని చూశాడు. గుర్తుపట్టాడు. ముఖమంతా నవ్వు. చెయ్యి పైకెత్తి ఊపాడు. మేం ఎంత ఊపితే అతనూ అంత ఊపాడు. నోటి దగ్గర రెండు చేతులూ పెట్టుకుని "ఎల్లొత్తాను!" అని అరిచాడు. ఆ మాట మాకు వినబడింది.

రైలు అడ్డం వచ్చింది. పెట్టె వెనక పెట్టె, నత్తలా. కిటికీల్లో జనం మమ్మల్ని వింతగా చూస్తున్నారు. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులో కారు ఎరుపు ఒకసారి కనిపించింది. ఇంకో సందులో అతని వీపు కనిపించింది. మూడో సందులో బొండాల బండి ఒక్కటే ఉంది. నా జన్మలో నేను ఏ రైలునూ అంత తిట్టలేదు. అది వెళ్ళి గేటు లేచేసరికి అవతల దుమ్ము కూడా సద్దుమణిగింది. కింద వాడు తాగిన బొండం పడి ఉంది.

ఆ తర్వాత చేసినదంతా ఊరికే చేతులు కొట్టుకోవడమే. కోటబొమ్మాళి దాటేదాకా పోయాం, పెట్రోలు అయిపోయింది. ఎస్టీడీ బూతులో నిలబడ్డాం, ఎవరికి చేయాలో నంబరు లేదు. భువనేశ్వర్‌లో ఆనంద్ అని ఎవరిని అడుగుతాం? రోడ్డు పక్క ఔట్‌పోస్టులో కానిస్టేబులుకు చెబితే, జీడి నూనె పోసిన కారా, ఏ నంబరూ అన్నాడు. నంబరు చూసుకోలేదు. ఎర్రకారని చెబితే ఎర్రకార్లు ఎన్ని లేవన్నాడు. ఆయన తప్పు పట్టలేను. దక్షిణానికి పోయే ప్రతి లారీనీ బావ చెయ్యెత్తి ఆపాడు. దారిలో పొట్టి ఎర్రకారు ఎక్కడైనా కనబడితే కదలొద్దని చెప్పమని, వెనక పోసింది నూనె కాదని చెప్పమని డ్రైవరు డ్రైవరుకూ దండం పెట్టాడు. ఢిల్లీరావు కదా, అందరూ సరేనన్నారు. పొద్దువాలేదాకా అక్కడే నిలబడ్డాం. చెయ్యగలిగింది ఉంటే చేసే దమ్ము మా ఇద్దరికీ ఉంది. చెయ్యడానికేం మిగల్లేదు, తెలిసిన సంగతిని మోస్తూ కూర్చోవడమే.

ఇంటికొచ్చాక పోట్లాడుకున్నాం. డబ్బా నీదన్నాడు, గుడ్డ పీకింది నువ్వన్నాను. మా నాన్న మధ్యలో కూర్చుని, పడవే లేకపోతే ఈ గొడవ లేదని తన్ను తాను తిట్టుకున్నాడు. ఆ ఏడు పడవకు పూత వేయలేదు. రెండు రోజుల తర్వాత మాకు పోట్లాడే ఓపిక కూడా పోయింది. బావ చెయ్యి వాచి, పొక్కులు పగిలి, చర్మం కుబుసంలా ఊడింది. ఆముదం రాయబోతే వద్దనేవాడు. మండనీ అనేవాడు.

లారీలు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. చూడలేదన్నవాళ్ళే ఎక్కువ. ఒకాయన తడ దగ్గర పెట్రోలు బంకులో అలాంటి ఎర్రకారే చూశానన్నాడు, నిక్షేపంగా ఉందన్నాడు. ఇంకొకాయన ఒంగోలు అవతల రోడ్డు పక్కన తిరగబడిన ఎర్రకారు చూశానని చెప్పి, అదో కాదో అని నసిగాడు. బావ మొదటాయన మాట పట్టుకున్నాడు. నాకు రెండో ఆయన మాట పట్టుకుంది. ఒకే మంచం మీద ఇద్దరం రెండు వేరు వేరు కార్లను కలగన్నాం.

వినాయకచవితి వెళ్ళాక ఉత్తరం వచ్చింది. కవరు మీద ఇంగ్లీషులో ఢిల్లీరావు, మెకానిక్, పలాస అని ఉంది. వీధి పేరు లేదు. పోస్టుమన్ నవ్వుతూ, ఈ పేరు ఊరికి ఒక్కటేనని ఇచ్చిపోయాడు. లోపలంతా ఒరియా. గుండ్రటి అక్షరాలు, ఒత్తి ఒత్తి రాసినవి. బావకు ఒరియా మాట వచ్చుగాని అక్షరం రాదు. రెండు రోజులు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. మూడో రోజు నేనే పట్టుబట్టి పలాస స్టేషనులో పార్సిలు ఆఫీసు గుమాస్తా జనార్దనరావు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనది ఇచ్ఛాపురం. తెలుగు ఎంతో ఒరియా అంత.

జనార్దనరావు గారు కళ్ళజోడు పెట్టుకుని ముందు లోలోపల చదువుకున్నారు. తర్వాత మమ్మల్ని బెంచీ మీద కూర్చోమన్నారు. అది ఆనంద్ తల్లి రాసిన ఉత్తరం. ఆయన ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెబుతూ పోయారు.

ఆ శుక్రవారం సాయంత్రం కొడుకు విశాఖపట్నం నుంచి ఆమెకు ఫోను చేశాడట. పలాసలో ఢిల్లీరావు అనే మంచి మెకానిక్ దొరికాడని, ఢిల్లీ వాడు కాకపోయినా ఆ పేరేనని నవ్వాడట. తెలుగు మాట ఒకటి నేర్చుకున్నానని పలికి వినిపించాడట. ఆ మర్నాడు తెల్లవారకముందే ఒంగోలు దాటాక కారు వెనక చక్రాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయి కారు పల్టీలు కొట్టింది. ఎందుకు బిగుసుకున్నాయో ఎవరూ చెప్పలేకపోయారు. కారులో చూడటానికేం మిగల్లేదు. ఆమె ఆ సంగతి అడగడానికి రాయలేదు. ఆరు నెలలకు గాని చేతిలో కలం నిలవలేదట.

అక్కడ జనార్దనరావు గారు ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇక్కడిలా రాసిందమ్మా. ఆ మెకానిక్, ఆయన భార్య రైలు గేటు దాకా బండి మీద వచ్చి మా వాణ్ణి సాగనంపారట. చేతులూపుతూ ఆగు, ఆగు అని అరిచారట. ఫోనులో వాడు, మన మాట సరిగ్గా రాని వాళ్ళు నా కోసం మన మాటలోనే అరిచారమ్మా, నేను ముందు రావాలని దీవించారు, గెలిస్తే తిరుగుదారిలో వాళ్ళ దగ్గర ఆగుతాను అన్నాడట."

నాకు అర్థం కాలేదు. బావకు అయింది. బెంచీ అంచు పట్టుకున్నాడు.

"ఒరియాలో ఆగ అంటే ముందు," అన్నారు జనార్దనరావు గారు, నా వైపు చూడకుండా. "ఆగకు అంటే ముందుకు."

ప్లాట్‌ఫారం మీద ఏదో బండి వచ్చి వెళ్ళిపోయింది. ఆ అబ్బాయి ముఖంలో నవ్వు, అతను ఊపిన చెయ్యి, అన్నీ అప్పుడు తెలిశాయి. మేం ఎంత గట్టిగా ఆపితే అంత గట్టిగా తోసినట్టయింది.

ఉత్తరం చివర ఆమె ఒక్కటే అడిగింది. కొడుకు చెవిన పడ్డ ఆఖరి మంచి మాట అదేనని, దాన్ని తలుచుకునే రోజులు వెళ్ళదీస్తున్నానని రాసింది. ఫోనులో గోలగా ఉంది, వాడు సరిగ్గానే విన్నాడా, మీరు అన్న మాట అదేనా, ఒక్క ముక్క రాసి పంపండి అంది. వెనక తన అడ్రసు రాసింది.

జనార్దనరావు గారు సొరుగులోంచి కాగితం తీసి పెన్ను మూత విప్పారు. ఆగు అంటే తెలుగులో ఏమిటో ఒరియాలో ఏమిటో తెలిసిన మనిషి. గేటు దగ్గరికి ఎందుకు పరుగెత్తామో ఆయనకు మేం చెప్పలేదు. అయినా మా ముఖాలు చూశాక చెప్పడానికేముంది. ఏం రాయమంటారని నెమ్మదిగా అడిగారు.

బావ తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. కొత్త చర్మం వచ్చింది గాని మచ్చలు పోలేదు, రెండు వేళ్ళు పూర్తిగా మడవలేడు. నిజం రాయిస్తే మా గుండె తేలికపడుతుంది. తేలికపడటం మాకు కావాలి, చచ్చేంత కావాలి. కానీ ఆ తల్లికి మిగిలింది ఆ మాట ఒక్కటే.

"సరిగ్గానే ఇన్నాడని రాయండి బాబూ," అన్నాను. "ముందుకెల్లమనే అన్నామని రాయండి."

ఆయన ఇంకోసారి నా వైపు చూసి, తల వంచుకుని రాశారు. రెండు పంక్తుల పని. సంతకం పెట్టమని కాగితం బావ ముందుకు జరిపారు. బావ పెన్నును మడవలేని వేళ్ళ మధ్య ఎలాగో ఇరికించుకుని, తెలుగులో ఢిల్లీరావు అని రాశాడు.